సముద్రానికి వెళ్లని గొట్టం

ఆయన పోయారన్న కబురు నాకు ఖరగ్‌పూర్ మలంచా రోడ్డులో మందుల షాపు ముందు తెలిసింది. చెప్పినవాడు సైకిల్ కూడా దిగలేదు. ఒక కాలు నేలకి ఆనించి, "మీ బాబాయి ఎల్లిపోనాడంట గదా, పొద్దున్న తంతి వచ్చినాదట" అన్నాడు. నా మొహంలో తనకి కావలసింది కనిపించలేదేమో, తొక్కుకుంటూ వెళ్లిపోయాడు. నాకు ముందు ఏడుపు రాలేదు. తంతి ఎవరిచ్చారు, చదివినవాడెవడు, పేరు సరిగ్గా చదివాడా అనుకున్నాను. ఆయన పక్కన నాలుగేళ్లు కూర్చున్నవాడికి అంటుకునే జబ్బు ఇది. ఆయన చావు కబురు విన్నా వదల్లేదు.

ఆయన నాకు చుట్టమేమీ కాదు. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్లకి ఒక తరం పైవాడు ఎవరైనా బాబాయే. ఉద్యోగంలో చేరినప్పుడు ఆయన చక్రాలు కొట్టేవారు. బండి వచ్చి ఆగగానే పొడుగు పిడి సుత్తితో ఒక్కొక్క చక్రాన్నీ కొట్టి, మోత విని, పగులుందో లేదో చెప్పడం ఆ పని. మంచి చక్రం గంటలా మోగుతుంది, పగిలింది దగ్గినట్టు పలుకుతుంది. ఇరవై ఏళ్లు అలా కొట్టాక యార్డులో ఒక వ్యాగను ఆయన ఎడమ పాదం మీదుగా వెళ్లింది. మూడు వేళ్లు పోయాయి. తేలిక పని ఇవ్వమని డాక్టరు రాస్తే గూడ్స్ షెడ్డులో వేశారు. వ్యాగన్ల నుంచి దిగిన సరుకు చూసి సుద్దతో గుర్తులు వెయ్యడం ఆయన పని. కాగితాలు చూసి ఆ సరుకుని బయటికి వదలడం నా పని. ఇద్దరికీ కలిపి ఒకటే బల్ల.

సుత్తి అప్పజెప్పేటప్పుడు పిడి మాత్రం అడిగి ఉంచుకున్నారట. దానికి కింద ఇనప పొన్ను వేయించి చేతికర్ర చేసుకున్నారు. ఆ కర్రతో తట్టని వస్తువు ఊళ్లో లేదు. కొబ్బరికాయ సరే, ఎవరైనా తడతారు. ఆయన టీ గ్లాసుని తట్టేవారు, కొత్త బిందెని తట్టేవారు, క్వార్టరు గోడకి సున్నం వేసి వెళ్లినవాడు గేటు దాటకముందే గోడని తట్టేవారు. చేపల బజారులో తక్కెడ పళ్లెం ఎత్తి అడుగున చింతపండు ముద్ద అంటించి ఉందేమో చూసేవారు. ఏడాదికోసారి నిజంగానే దొరికేది. మిగతా రోజుల్లో చేపలమ్మే దీదీ విసుక్కునేది. "ఆబార్ దేఖ్‌బేన్ దాదా?" అనేది. మళ్లీ చూస్తారా అని. "దేఖ్‌బో" అని ఈయన తాపీగా పళ్లెం ఎత్తేవారు.

పిన్నిగారు నవ్వుతూ చెప్పేది. "పెళ్లినాడు తెర తియ్యగానే నన్ను రెండుసార్లు సూసినాడు. మా అక్కని సూపించి నన్ను కట్టబెట్టినారేమోనని."

"మరి సూసుకోవద్దేటి?" అనేవారు ఆయన, ఏమాత్రం నవ్వకుండా.

ఎవరు ఏ కబురు తెచ్చినా ఆయన అడిగేది ఒకటే. "నువ్వు సూసినావా, ఎవులైనా సెప్పినారా?" చూశానంటే సగం నమ్మేవారు. ఎవరో చెప్పారంటే చెవి మీద ఈగని తోలినట్టు చెయ్యి విసిరేవారు. దానివల్ల ఆయన చుట్టూ మనుషులు తక్కువ. నాతో మాత్రం చనువుగా ఉండేవారు. ఆయనకి ఇంగ్లీషు చదవడం రాదు. నేను చదివి తెలుగులో చెప్పేవాణ్ని, ఎప్పుడూ తప్పు చెప్పలేదు. చెప్పలేదని ఆయనకెలా తెలుసంటే, మొదటి ఆర్నెల్లూ నేను చదివిన ప్రతి కాగితాన్నీ తీసుకెళ్లి ఇంకొకరిచేత చదివించుకున్నారు. ఆ సంగతి నాకు చాలా కాలం తర్వాత తెలిసింది.

డెబ్భైల నడుమ ఒక ఏడు, బంగాళాఖాతం అడుగున నూనె, గ్యాసు ఉన్నాయేమో తవ్వి చూస్తామని విదేశీ కంపెనీ ఒకటి వచ్చింది. వాళ్ల సరుకు కొంత మా షెడ్డులో దిగి, లారీల మీద హల్దియా రేవుకి వెళ్లేది. గొట్టాలు, సిమెంటు, పీపాలు, రేకులు, తాళ్లు. ఈ సరుకు మీద రాష్ట్రం అమ్మకం పన్ను మాఫీ చేసింది. నూనె పడితే పరిశ్రమలొస్తాయి, పనులొస్తాయి అని. మాఫీకి ఒక ఫారం ఉండేది. ఆ ఫారం లేనిదే నేను సరుకు వదలకూడదు. మొదటిది వచ్చిన రోజు బాబాయి కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

"సదువు."

"ఈ సరుకంతా సముద్రంలో తవ్వే పనికే వాడతాం, మరి దేనికీ వాడం. అందుకని పన్ను కట్టక్కర్లేదు."

"వాడినట్టు ఎవులు రాసిత్తారు?"

"కంపెనీవోళ్లే. ఆళ్ల తరపున మన కంట్రాక్టరు సంతకం పెడతాడు."

"నిజంగా వాడినారో నేదో ఎవులు సూత్తారు?"

"టాక్సు ఆఫీసువోళ్లు."

"టాక్సు ఆఫీసువోడు సముద్రంలోకి ఎల్తాడేటి?"

"ఎల్లడు గావాల."

ఆయన సుద్దముక్క తీసుకుని సరుకు దగ్గరికి వెళ్లారు. సాయంత్రం ఇంటికి వెళ్తున్నప్పుడు, "ఈ సైకిలు కొన్ననాడు నాను పన్ను కట్టినాను. ఈ కాలికి రాసుకునే మందుకీ కడతన్నాను. నీటి కింద దాసీసినోడికి మాఫీ" అన్నారు. సైకిలు గంట ఒకసారి మోగించి చూసుకుని ఎక్కారు.

కంట్రాక్టరు మనవాడే. విజయనగరం దగ్గర పల్లె నుంచి వచ్చి, మొదట్లో షెడ్డు బయట లారీలు మాట్లాడిపెట్టేవాడు. కంపెనీ వచ్చాక రెండేళ్లలో మలంచాలో మేడ కట్టాడు. తెల్లబట్టలు, మెత్తటి మాట. మనవాళ్ల కుర్రాళ్లని ఏడెనిమిది మందిని పనిలో పెట్టుకున్నాడు. అందులో మా అక్క మొగుడు ఒకడు. మా బావ యార్డులో పదేళ్లు రోజుకూలీగా చేసి, పర్మనెంటు కాకుండానే బయటపడ్డ మనిషి. ముగ్గురు పిల్లలు. కంట్రాక్టరు గోడౌనులో కాపలాకి చేరాకే మా అక్క ఇంట్లో రెండు పూటలా పొయ్యి వెలిగింది. కంట్రాక్టరు ఎదురుపడితే నేను నమస్కారం పెట్టేవాణ్ని. బాబాయి పెట్టేవారు కాదు.

ఒకరోజు గొట్టాలు దిగుతున్నాయి. బాబాయి సుద్దముక్క పక్కన పెట్టి, జేబులోంచి చిన్న పంచ్, ఇనుము మీద గుంట పెట్టే మొనదేలిన ఉలి, తీసి, ఒక గొట్టం మీద చివరికి జానెడు దూరంలో మూడు చుక్కలు కొట్టారు. గోరంత జాగాలో మూడు గుంటలు. పదో గొట్టానికి మళ్లీ కొట్టారు.

"ఏటి బాబాయ్ ఇది?"

"సముద్రంలోకి ఎల్లింది మరి నా కంట పడదు. పడినాదంటే, ఎల్లలేదన్నమాట."

"ఎక్కడైనా రాసుకోండి మరి."

"కాయితం సింపీగల్రు. ఇనుం మీదున్నది ఎవులు సింపుతారు?"

ఇరవై ఏళ్లు చక్రం మోతనే నమ్మినవాడు, కాగితాన్ని ఎందుకు నమ్ముతాడు? ఒక పుస్తకంలో తేదీ వేసి రాసి, పై అధికారి దగ్గర సంతకం పెట్టించుకుని ఉంటే కథ వేరుగా ఉండేది. కానీ ఆ పుస్తకం దాచిపెట్టే అధికారిని కూడా ఆయన నమ్మాలి కదా. నన్ను ఒక్కణ్ని నమ్మారు. నాకు ఒక్కడికే చూపించారు.

న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మా వాళ్ల చిన్న గుడి ఒకటి ఉంది. వానొస్తే భజన చేసేవాళ్లు తడిసిపోయేవారు. ఆ ఏడు కంట్రాక్టరు తన ఖర్చుతో గుడి ముందు రేకుల షెడ్డు వేయించాడు. ఎనిమిది ఇనప గొట్టాలు నిలబెట్టి, వెండి రంగు వేయించి, పైన రేకులు. ఊరంతా మెచ్చుకుంది. పూజారి కంట్రాక్టరు పేరున మంత్రపుష్పం చదివాడు. బాబాయి ఆలస్యంగా వచ్చి, చెప్పులు విడిచి, అలవాటు కొద్దీ ఒక స్తంభాన్ని కర్రతో తట్టారు. తట్టి ఆగిపోయారు. ఎనిమిదింటినీ తట్టుకుంటూ వెళ్లి, గర్భగుడి ఎడమ పక్క స్తంభం దగ్గర వంగి, చెయ్యి పెట్టి తడిమారు. చాలాసేపు లేవలేదు. తర్వాత నన్ను పిలిచి, నా వేలు పట్టుకుని రంగు కింద ఆనించారు. మూడు గుంటలు. తర్వాత ఆయనే మళ్లీ, ఇంకోసారి మళ్లీ తడిమి చూసుకున్నారు, పొరపాటు పడ్డానేమోనన్నట్టు. ఇన్నాళ్లూ ఆయన తప్పు పట్టడానికే వెతుకుతారని అనుకున్నాను. అది చూశాక తెలిసింది, దొరక్కూడదనే వెతికేవారని.

"ఈ దరిద్రం గుళ్లోకే రావాలేటి?" అన్నారు.

ఆ మధ్యలోనే కలకత్తా నుంచి కబురొచ్చింది. పన్ను మాఫీ ఇచ్చి మూడేళ్లవుతోంది, సక్రమంగా వాడుతున్నారా, ఇంకా కొనసాగించాలా అని సమీక్షించడానికి కమిటీ వస్తోంది. ఖరగ్‌పూర్ షెడ్డు కూడా చూస్తారు. చెప్పవలసినవాళ్లు వచ్చి చెప్పొచ్చు. నోటీసు నేనే చదివి వినిపించాను. బాబాయి రెండోసారి చదివించుకున్నారు. జీవితంలో మొదటిసారి ఎవరో తనంత తానుగా వచ్చి, నీకు అనుమానం ఉందా అని అడుగుతున్నారు. మర్నాడు క్షవరం చేయించుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. కమిటీ రావడానికి ఇంకా వారం ఉంది.

ఆయన ఏదో చెప్పబోతున్నారని ఊళ్లో రెండు రోజుల్లో పాకింది. గుడి పెద్దలు ముగ్గురు ఇంటికొచ్చారు. షెడ్డు పీకేస్తారు, కుర్రాళ్ల పనులు పోతాయి అన్నారు. "దేవుడి నీడకి దొంగ గొట్టం ఎందుకు? దాని మీద నా గుర్తున్నాది. పీకితే తడుద్దాం, ఎప్పుడూ తడవనేదా?" అన్నారట ఈయన. దాంతో వేరే కంట్రాక్టరు దగ్గర డబ్బు తిన్నాడని పుట్టించారు. అందరినీ అనుమానించినవాణ్ని ఒక్కసారి అనుమానించే అవకాశం వస్తే ఊరు ఎందుకు వదులుకుంటుంది? నా ముందే అన్నారు. నేను కాదని గట్టిగా అనలేదు.

ఆదివారం పొద్దున్న కంట్రాక్టరు నన్ను మేడకి పిలిపించాడు. పింగాణీ కప్పులో టీ ఇచ్చాడు. మా బావ మంచివాడని మెచ్చుకున్నాడు. పిల్లల చదువుల గురించి అడిగాడు. కప్పు సగమయ్యాక అన్నాడు.

"ముసలాయన గొట్టాల మీద ఏటో గుర్తులు ఏసినాడంట గదా. ఎక్కడేసినాడో నాకు తెల్దు బాబూ. నీకు తెలిస్తే తెలిసుండొచ్చు. నేనేటీ అడగడం నేదు."

అడగలేదు, నిజమే. గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు. గేటు పక్కన మా బావ పంపులో నీళ్లు పట్టి మొక్కలకి పోస్తున్నాడు. గోడౌను కాపలాకి పెట్టుకున్న మనిషి ఇంటి మొక్కలకి నీళ్లెందుకు పోస్తున్నాడని అడగాలనిపించింది. అడగలేదు. బావ నన్ను చూసి నవ్వాడు.

మంగళవారం మధ్యాహ్నం, రైల్వే వర్క్‌షాప్‌లో అందరూ డ్యూటీలో ఉన్న వేళ, సెలవు పెట్టి గుడికి వెళ్లాను. గర్భగుడికి తాళం. ఎవరూ లేరు. చిన్న ఆకురాయి, సీసాలో కాస్త వెండి రంగు తీసుకెళ్లాను. పది నిమిషాల పని. ఆకురాయి చప్పుడికి ఒక కుక్క లేచి వచ్చి కూర్చుని చూసింది. రంగు అద్ది, పైన కాస్త దుమ్ము చల్లాను. మా అక్క కోసం చేశానని దారిపొడుగునా నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాట నిజమే గానీ, మొత్తం నిజం కాదు. కంట్రాక్టరు నన్ను బాబూ అన్నాడు, పింగాణీ కప్పులో ఇచ్చాడు. అది కూడా ఉంది.

కమిటీవాళ్లు ముగ్గురు, తెల్ల అంబాసిడర్‌లో బుధవారం వచ్చారు. ముందు కంట్రాక్టరు ఇంట్లో భోజనం చేసి వచ్చారో, స్టేషన్లో చేసి వచ్చారో నాకు తెలీదు. వేళ్లకి కిళ్లీ సున్నం మాత్రం ఉంది. షెడ్డులో ఫారాలన్నీ తిరగేశారు. అన్నీ సరిగ్గా ఉన్నాయి, ఎందుకుండవు, నేనే సర్దాను. బాబాయి లేచి తనకొచ్చిన రైల్వే హిందీలో చెప్పారు. రుజువు గుళ్లో ఉంది, చూపిస్తానన్నారు. అందరం వెళ్లాం. ఊళ్లో సగం మంది అప్పటికే అక్కడ ఉన్నారు.

ఆయన తిన్నగా ఎడమ పక్క స్తంభం దగ్గరికి వెళ్లి చెయ్యి పెట్టారు. వేలు కొంచెం పైకి, కొంచెం కిందికి జరిగింది. మళ్లీ పెట్టారు. వేలికి రంగు అంటింది. పూర్తిగా ఆరలేదు. ఆ వేలిని కళ్ల దగ్గరికి తెచ్చి చూసుకున్నారు. కమిటీ పెద్ద, ఎక్కడైనా రాసి పెట్టారా అని అడిగాడు. లేదన్నారు. అయితే ఇది ఆ గొట్టమే అని ఎలా తెలుసు? బాబాయి కర్రతో కొట్టి వినిపించారు. ఈ మోత ఆ సరుకుదే సాబ్, అన్నారు. ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో అందరికీ ధైర్యం వచ్చింది.

అప్పుడు ఆయన నా వైపు తిరిగారు.

"నాయినా, నీ వేలెట్టి సూపించినాను గదా. నువ్వు సెప్పు."

మా బావ జనం వెనకాల నిలబడి ఉన్నాడు. కంట్రాక్టరు చేతులు కట్టుకుని రేకుల వైపు చూస్తున్నాడు.

"నాను సూడనేదు బాబాయ్" అన్నాను.

ఆయన నా మొహం చూడలేదు. నా చేతులు చూశారు. నేను గోళ్లు శుభ్రంగానే కడుక్కున్నాను, అయినా చేతులు వెనక్కి పెట్టుకున్నాను. అదే ఆయనకి సరిపోయింది. ఊళ్లో పాలవాడి దగ్గర్నుంచి స్టేషన్ మాస్టరు దాకా మొహం మీద దొంగ అనగలిగిన మనిషి. ఆ ఒక్క మాట నన్ను అనుంటే కమిటీ రంగు గోకి చూసేది, ఆకురాయి గీతలు కనిపించేవి. ఆయన కమిటీ పెద్ద వైపు తిరిగి, "గల్తీ మేరా హై సాబ్. బూఢా హో గయా" అన్నారు, తప్పు నాదే, ముసలివాణ్నయిపోయానని. కర్ర ఆనించుకుంటూ చెప్పుల కోసం వెళ్లారు. జనం దారిచ్చారు.

మాఫీ దుర్వినియోగమైన దాఖలా ఎక్కడా కనిపించలేదని కమిటీ రాసింది. ఇంకో రెండేళ్లు పొడిగించారు. లేనిపోని ఫిర్యాదు చేసి రైల్వేకి తలవంపులు తెచ్చాడని బాబాయిని బాలాసోర్ లైన్లో ఒక చిన్న స్టేషనుకి బదిలీ చేశారు. ఆయన వెళ్లిన నెలకి కంట్రాక్టరు మా బావని మానిపించాడు. పని తగ్గింది బాబూ, అన్నాడు నాతో, అదే మెత్తటి గొంతుతో. ఈసారి గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడాడు.

మరో రెండు నెలలకి ప్యాసింజరెక్కి ఆ చిన్న స్టేషన్లో దిగాను. ఉన్నదున్నట్టు చెప్పేసి కాళ్ల మీద పడదామనే వెళ్లాను. ఆయన ప్లాట్‌ఫాం బెంచీ మీద కూర్చుని ఉన్నారు, బాగా చిక్కిపోయారు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. టీ తెప్పించారు. పిన్నిగారి మోకాళ్ల నొప్పి గురించి, ఆ ఊరి నీళ్ల గురించి చెప్పారు. నేను నోరు తెరిచేలోగా ఆయనే అడిగారు.

"మీ బావకి పని ఉన్నాదా?"

పని లేదని చెప్తే, ఆయన ఎవరి కోసం నోరు మూసుకున్నారో వాళ్లకి కూడా ఏమీ మిగల్లేదని చెప్పినట్టు. నా వల్ల కాలేదు.

"ఉన్నాది బాబాయ్" అన్నాను.

ఎక్కడ, జీతమెంత, ఎవులు సెప్పినారు అని అడుగుతారని భయపడ్డాను. ఏదీ అడగలేదు. తల ఊపారు. మొహం తేటపడింది.

"అయితే సరే. నువ్వు సేసినదాన్ని నాను మర్సిపోలేను నాయినా. కానీ ముగ్గురు పిల్లలు తింటన్నారు గదా, సరే."

నేను ఎక్కవలసిన బండికి ఇంకా ముప్పావుగంట ఉంది. ఆ ముప్పావుగంటా ఆయన పక్కనే కూర్చున్నాను. బావకి పని పోయిందని చెప్పలేదు.